పాన్‌గల్ వాడ నుంచి – 17: టికెట్టు ముందు, రసీదు తర్వాత



పోయిన భాగంలో విదేశీ చదువుల స్కాలర్‌షిప్‌ల గురించి రాస్తూ చివర్ల ఒక మాట అన్న. మన పిల్లలకు విమానం టికెట్టు కూడా కులాన్ని బట్టే రేటు పడుతుంది అని. దానికి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి నవ్విండు. "అన్నా, అన్నిట్లా కులమేనా? కంప్యూటర్‌కు నీ కులం ఏం తెలుసు? ముందు కొన్నోనికి తక్కువ, ఆలస్యంగ కొన్నోనికి ఎక్కువ. అంతే గదా!"

ఆ పెద్దమనిషి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముందు కొన్నోనికి తక్కువ, ఆలస్యంగ కొన్నోనికి ఎక్కువ. నేను అడిగేది ఒక్కటే. ఈ దేశంలో ముందు కొనగలిగేది ఎవరు? ఎప్పుడూ ఆలస్యంగ కొనాల్సి వచ్చేది ఎవరు?

మా పాన్‌గల్ మండలంలోనే ఒక మాదిగవాడ పిల్ల సంగతి చెప్త. పేరు చెప్పను. ఇంజనీరింగ్ చదివింది. అమెరికాలో ఎం.ఎస్.కు సీటు వచ్చింది, షికాగోలో దిగాలె. తల్లి పల్లి చేన్లకు కూలికి పోతది. తండ్రి వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, పుణె తిరిగి బిల్డింగులు కట్టి వచ్చినోడు. మార్చిలో సీటు కాయితం రాంగనే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం కూసొని ఫోన్లో చూసినం. ఆగస్టు రెండో వారానికి హైదరాబాద్ నుంచి షికాగోకు, ఒకవైపు, రెండు పెట్టెల సామానుతో 58 వేలు.

"కొనుమంటవా కాకా?" అని అడిగింది. కొనుమని చెప్పనీకి నాకు నోరు రాలే. వీసా ఇంకా రాలే. ఇంటర్వ్యూ తేదీ కూడా దొరకలే. వీసా రాకపోతే ఆ టికెట్టు మీద తిరిగి వచ్చేది దాదాపు ఏమీ లేదు. ఆ 58 వేలు కూడా ఇంట్ల లేవు. అప్పు తెచ్చి, వస్తదో రాదో తెలియని వీసా మీద పెట్టుమని ఏ మొఖంతో చెప్పాలె?

వీసా జూలై చివర్ల వచ్చింది. ఇంటిల్లిపాది ఏడ్చిండ్రు సంతోషంతో. ఆ రాత్రే మళ్లా చూసినం. అదే విమానం, అదే తారీఖు, అవే రెండు పెట్టెలు. లక్షా 6 వేలు.

ఆ పిల్లతోటి అదే కాలేజీలో చదివిన ఇంకో పిల్లగాడు ఉన్నడు. ఊర్ల భూమి ఉన్న ఇల్లు. ఆయన మార్చిలోనే కొన్నడు. తారీఖు మార్చుకునే, రద్దు చేసుకునే వీలున్న టికెట్టు, 67 వేలు. వాళ్ల నాయిన క్రెడిట్ కార్డు మీద 3 వేలు తగ్గింది, 64 వేలకు పడ్డది. "వీసా రాకుంటే ఓ పదివేలు పోతయి, ఏముంది" అన్నడట వాళ్ల నాయిన.

ఇప్పుడు చెప్పు పెద్దమనిషీ. కంప్యూటర్‌కు ఇద్దరి కులమూ తెలియదు. తెలియాల్సిన అవసరమే లేదు. "పదివేలు పోతే పోనీ" అనే మాట ఏ ఇంట్ల పుడుతది, ఏ ఇంట్ల పుట్టదు అన్నది ఆ ఇంటి కింద ఎన్నెకరాల భూమి ఉందో దాన్ని బట్టే ఉంటది. ఆ భూమి ఎవరి చేతిల ఎట్ల ఉందో, ఎవరి చేతిల ఎందుకు లేదో, అదీ కులమే. ఇద్దరి టికెట్ల మధ్య తేడా 42 వేలు. ఆ తల్లి కూలి రోజుకు 400 అనుకుంటే 105 రోజుల కూలి. ఒకే విమానం, ఒకే తిండి, ఒకే వెడల్పు సీటు. భూమిలేనోని బిడ్డ 105 రోజుల కూలి ఎక్కువ కట్టి కూసుంటది.

ఇంకా ఉంది. రేటు చూసి భయపడి ఆ పిల్ల హైదరాబాద్‌లో ఒక ఏజెంటు దగ్గరికి పోయింది. ఆయన 82 వేలకు "స్పెషల్ రేటు" అన్నడు. ఆ కాయితం నాకు పంపింది. చూస్తే అది ఒక టికెట్టు కాదు, రెండు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఒకటి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి షికాగోకు వేరే కంపెనీది ఇంకొకటి. అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, బయటికి వచ్చి, పెట్టెలు తీసుకొని, మళ్లా అప్పజెప్పాలె. విమానాశ్రయం లోపలే విమానం మారెటోళ్లకు అమెరికా వీసా ఉంటే జర్మనీ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. కానీ పెట్టెల కోసం బయటికి రావాలంటే షెంగెన్ వీసా ఉండాలె. ఆ పిల్లకు లేదు. 24 వేలు తక్కువ అని కొని ఉంటే హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనీయకపోదురు. లేకుంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడుమ ఇరుక్కుపోవు.

పెద్దింటి పిల్లలకు ఈ సంగతి చెప్పేటందుకు అక్కడే ఉన్న అన్న ఉంటడు, మేనమామ ఉంటడు, బావ ఉంటడు. మన వాడల నుంచి మొదటిసారి పాస్‌పోర్టు తీసుకునే పిల్లకు చెప్పేటోళ్లు ఎవరు? అందుకే తెలిసినంత మట్టుకు ఇక్కడ రాస్తున్న. మీ వాడలో ఎవరన్నా పోయేది ఉంటే చదివి వినిపించుండ్రి.

మొదటిది. మొదటి నుంచి చివరి ఊరి దాకా ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్న టికెట్టే కొనాలె. నడుమ విమానం ఆలస్యమైతే తర్వాతి విమానం ఎక్కించే పూచీ కంపెనీ మీద ఉంటది. రెండు వేర్వేరు టికెట్లయితే మన ఖర్మ మనది.

రెండోది. సామాను కలుపుకొనే రేటు చూడాలె. పైన తక్కువ చూపించి పెట్టెకు వేరే వసూలు చేసే టికెట్లు ఉన్నయి. చాలా విమాన కంపెనీల్లో విద్యార్థి టికెట్టు అని వేరే ఉంటది. కాలేజీ కాయితం, వీసా చూపిస్తే సామాను ఎక్కువ ఇస్తరు, కొన్నింట్ల తారీఖు కూడా సులువుగ మారుస్తరు. అడగకుంటే ఎవరూ చెప్పరు.

మూడోది. నడుమ ఆగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాల్నా అని ఆ దేశం రాయబార కార్యాలయం పెట్టిన సమాచారంలోనే చూసుకోవాలె. ఏజెంటు మాట మీద పోవద్దు.

నాలుగోది. హైదరాబాద్ ఒక్కటే చూడొద్దు. ఒక్కోసారి బొంబాయి నుంచో, ఢిల్లీ నుంచో తక్కువ పడుతది. బొంబాయి బస్సు మనకు కొత్త కాదు గదా. పాలమూరోళ్లు ఎక్కినన్ని సార్లు ఆ బస్సు ఎవ్వరూ ఎక్కి ఉండరు. అట్లనే అక్కడ కూడా కాలేజీ ఉన్న చిన్న ఊరి దాకా విమానంలో పోవుడు కన్నా, పెద్ద నగరంలో దిగి బస్సులో పోతే తక్కువలో అయితది.

ఇవన్నీ చేసినా మిగిలేది కొంతే. అసలు దెబ్బ కొట్టేది కాలం. వీసా వచ్చిన నాటికి, విమానం ఎక్కే నాటికి మధ్య రెండు వారాలు కూడా ఉండవు. ఆ కాలంలో చేతిల పైసలు లేనోనికి ఏ ఉపాయమూ పని చెయ్యదు.

ఇక సర్కారు దగ్గరికి వస్త.

మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి అని పథకం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైంది. ఏటా 5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలకు 20 లక్షల దాకా ఇస్తరు. మంచి పథకం. మన పిల్లలు దాంతోనే ఖండాలు దాటిండ్రు, కాదనను. విమానం టికెట్టు కూడా అందులో ఉంది, ఒకవైపు, 50 వేలకు మించకుండ. కానీ మొదటి విడత 10 లక్షలు ఎప్పుడు ఇస్తరో చూడుండ్రి. ఆ దేశంలో దిగినట్టు కాయితం చూపించినంక. అమెరికా అయితే ఐ-94 చూపించినంక. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చినంక.

అంటే సర్కారు చెప్పేది ఏంది? నువ్వు ముందు అమెరికాలో దిగు. దిగినంక, నిన్ను అమెరికాలో దింపేటందుకు పైసలిస్త.

మా పాలమూరుల గుంపు మేస్త్రీ అంటే ఎవరో అందరికీ తెలుసు. పిల్లాజెల్లతో సహా మనుషులను తీస్కపోయి నెలల తరబడి గొడ్డుచాకిరీ చేయించుకునేటోడు. వాని గురించి మంచి మాట ఒక్కటి చెప్పలేను. కానీ ఆ మేస్త్రీ కూడా బస్సు కిరాయి ముందే ఇస్తడు. తర్వాత కూలీల పట్టుకుంటడు, అది వేరే సంగతి. "ముందు బొంబాయి పోయి టికెట్టు ముక్క తెచ్చి చూపించు, అప్పుడు కిరాయి ఇస్త" అని ఏ మేస్త్రీ అనడు. అంటే ఒక్కడూ పోడని వానికి తెలుసు. దోచుకునేటోనికి తెలిసిన ఈ సంగతి సంక్షేమం చేసేటోనికి ఎందుకు తెలుస్తలేదు?

ఆ పిల్ల ఇంట్ల ఏం జరిగిందో వినుండ్రి. లక్షా 6 వేలూ అప్పే. నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 3,180. సర్కారు పైస ఎనిమిది నెలలకు వచ్చిందనుకున్నా, అప్పటికి మిత్తే 25,440 అయితది. 50 వేలలో సగం మిత్తికే పోయింది. పైనున్న 56 వేలు ఎట్లాగూ ఇంటి మీదనే. ఎనిమిది నెలలు అని తక్కువ జేసే చెప్పిన. ఈ పథకం బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన సంగతి, పిల్లలు పరాయి దేశంలో ఫీజు కట్టలేక నలిగిన సంగతి అందరం చూసినం.

"20 లక్షలు ఇస్తుంటే టికెట్టు కోసం ఏడుస్తరా" అంటరు కొందరు. అవును, టికెట్టు కోసమే ఏడుస్తం. టికెట్టు లేకపోతే ఆ 20 లక్షలు రావు గదా. తలుపు బయట కూసోబెట్టి లోపల విందు ఉందంటే కడుపు నిండదు.

"ముందే ఇస్తే మోసం చేస్తరు" అంటరు ఇంకొందరు. ఇది అసలు రోగం. టికెట్టు మీద పేరు ఉంటది, పాస్‌పోర్టు పేరుతో కలవాలె. ఒకరి పేరు మీదున్న టికెట్టు ఇంకొకరికి అమ్ముకోలేరు. టికెట్టు కొనిస్తే మోసం ఎట్ల జరుగుతది? అదే సర్కారు అధికారి టూర్‌కు పోతే ప్రయాణ ఖర్చుకు అడ్వాన్సు తీసుకునే వీలుంది, వచ్చినంక లెక్క చూపిస్తడు. ఆయనకు ముందు పైస, తర్వాత రసీదు. మా పిల్లకు ముందు రసీదు, తర్వాత పైస. ఒకర్ని నమ్ముతరు, ఒకర్ని నమ్మరు. దీనికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పుండ్రి.

చెయ్యరానిది కూడా కాదు. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో పోను రాను రెండువైపులా, దగ్గరి దారిన, ఎకానమీ తరగతి ప్రయాణం ఉంది. ఏటా 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకు. నిబంధన మంచిగనే ఉంది. కానీ 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తం అన్నరు. ఒకచోట నిబంధన ఉంటే పైస లేదంటరు. ఒకచోట పైస ఉంటే నిబంధన అడ్డం.

బాబాసాహెబ్ బతుకు చూడుండ్రి. 1913లో బరోడా సంస్థానం నెలకు 11.50 పౌండ్ల స్కాలర్‌షిప్పు ఇస్తే న్యూయార్క్ పోయిండు. 1917లో గడువు అయిపోయిందని లండన్ చదువు నడుమల విడిచి రావాల్సి వచ్చింది. వస్తుంటే ఆయన సామాను వేరే ఓడల పెడితే, ఆ ఓడను యుద్ధంలో ముంచేసిండ్రు. మళ్లా లండన్ పోవాలంటే మూడేండ్లు పట్టింది. 1920లో కొలువు చేసి కూడబెట్టిన పైసలు, షాహూ మహారాజ్ ఇచ్చిన 1,500, నావల్ భథేనా అనే పార్సీ దోస్తు దగ్గర 5,000 అప్పు, అన్నీ కలిపితే ఓడ కదిలింది. ఆయన తెలివి ఏనాడూ ఆలస్యం కాలే. పైసే ఆలస్యమైంది. నూరేండ్లు దాటింది. ఆయన పేరు పెట్టిన పథకంలో కూడా మన పిల్లలు అప్పు జేసే పోతుండ్రు. ఆయనకు మిత్రుని అప్పు దొరికింది, మా వాడకు మూడు రూపాయల మిత్తి దొరికింది.

2016లో రోహిత్ వేముల పోయినప్పుడు ఆయనకు రావాల్సిన ఫెలోషిప్పు ఏడు నెలలది, లక్షా 75 వేలు, బాకీ ఉంది. ఆలస్యం అంటే మనకు ఏందో సర్కార్లకు ఇంకెట్ల చెప్పాలె?

అందుకే అడుగుతున్న. బతిమాలుడు కాదు, హక్కుగ.

వీసా ముద్ర పడ్డ వారం లోపల సంక్షేమ శాఖే టికెట్టు కొని పిల్ల చేతిల పెట్టాలె. తర్వాత ఇచ్చుడు బంద్ కావాలె. 50 వేల పరిమితి తీసేసి, ఆ రోజు రేటు ఎంతుంటే అంత ఇయ్యాలె. ఎంపిక జాబితా పిల్లలు టికెట్టు కొనే కాలానికి ముందే రావాలె. వందల మంది పిల్లలు ఒకే కాలంలో, ఒకే దిక్కుకు పోతున్నరు. విమాన కంపెనీలు పది మంది గుంపు ఉంటేనే గుంపు రేటు మాట్లాడుతయి. సర్కారు కూసొని మాట్లాడితే తగ్గదా? ఒంటరిగ ఫోన్లో చూసుకునే పిల్లకు లేని బలం సర్కారుకు ఉంది గదా.

పైసలు ఎక్కడియి అని అడగొద్దు. ఎస్సీ, ఎస్టీల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. ఖర్చు కాని పైసలు వచ్చే ఏడాదికి కలపాలని అందులోనే రాసి ఉంది. ఆ పైసల నుంచి టికెట్టు కొనిస్తే ఎవని సొమ్మూ పోదు. మా సొమ్ము మాకు వస్తది.

ఆ పిల్ల పోయింది. కొత్తకోట దగ్గర 44వ నంబరు రోడ్డెక్కి, భూత్పూర్, జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ పోయినం. ఆ రోడ్డు మీదనే వాళ్ల నాయిన ఎన్నో ఏండ్లు కూలి బస్సుల పోయిండు. లోపలికి పోయే ముందు తల్లి నా చెయ్యి పట్టుకొని, "తమ్మీ, అక్కడ దిగంగనే ఆ కాయితం తీసి పంపుమని చెప్పు, మర్చిపోతదేమో" అన్నది. బిడ్డను సాగనంపుతూ కూడా ఆ తల్లికి మిత్తి లెక్కనే యాదికి ఉంది. కండ్లల్ల నీళ్లు పెట్టుకునే తీరిక కూడా ఇయ్యని పథకానికి బాబాసాహెబ్ పేరు పెట్టుకున్నం.

టికెట్టు ముందు. రసీదు తర్వాత. ఇది అమలు చేసే దాకా అడుగుతనే ఉంటం. మీ వాడల నుంచి ఇట్ల పోయిన పిల్లలు ఎప్పుడు టికెట్టు కొన్నరు, ఎంతకు కొన్నరు, సర్కారు పైస ఎప్పుడు వచ్చింది, రాసి పంపుండ్రి. పేర్లు వద్దు, తారీఖులు చాలు. వచ్చే భాగంలో ఆ తారీఖులన్నీ వరుసగ పెట్టి మాట్లాడుకుందాం.

జై భీమ్.