కంటికి కనబడని తలుపు



రాత్రి పడుకొనే ముందు వీధి తలుపు గడియ వేశామో లేదో అని మనము రెండుసార్లు చూచుకొంటాము. అయితే ఈ దినములలో మన ఇండ్లకు మరొక తలుపు ఉన్నది. అది కంటికి కనబడదు. దాని పేరు వైఫై.

బోధన్ శక్కర్‌నగర్‌లోని షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. అంతకు ఎన్నో ఏండ్ల ముందు నుండే నిజామాబాదు, బోధన్ ప్రాంతముల వారు బ్రతుకుతెరువు కొరకు గల్ఫ్ దేశములకు వెళ్లుచున్నారు. దూరాన ఉన్న కుమారుని ముఖము ఫోనులో చూచుకొనవలెనని తల్లులు ఇంటిలో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకొనుచున్నారు. మంచిదే. కాని వైఫై తరంగములు మన గోడల దగ్గర ఆగవు. వీధిలో నిలిచినవానికి కూడ అందును.

2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు పేలుటకు కొద్ది నిమిషముల ముందు వార్తా సంస్థలకు బెదిరింపు ఈమెయిల్ వచ్చినది. దాని జాడ పట్టుకొని పోలీసులు నవీ ముంబైలో నివసించుచున్న ఒక అమెరికా దేశస్థుని ఇంటికి చేరిరి. అది ఆయన పంపినది కాదు. పాస్‌వర్డ్ లేని ఆయన వైఫైని వేరొకరు వాడుకొనిరి. అయినను పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది ఆయనే. ఎందుకనగా కనెక్షన్ ఎవరి పేరున ఉన్నదో వారి చిరునామాయే మొదట బయటపడును.

తాళము ఉంటే చాలదు, గట్టిది కావలెను. డబ్ల్యూఈపీ అను పాత తాళము బలహీనమని 2001లోనే పరిశోధకులు చూపించిరి. డబ్ల్యూపీఏ2లో కూడ 2017లో లోపము బయటపడగా, కొత్త సాఫ్ట్‌వేర్‌తో సరిచేసిరి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చినది. మీ రూటరులో ఈ చివరి రెండింటిలో ఒకటి ఉన్నదేమో, సాఫ్ట్‌వేర్ కొత్తదేనా అని అడిగి తెలిసికొనండి. రూటరుతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. పిల్లల పేరు, ఫోను నంబరు పాస్‌వర్డ్‌గా పెట్టవద్దు.

ప్రయాణములో ఉచిత వైఫై కనబడగానే బ్యాంకు పని మొదలుపెట్టవద్దు. అదే పేరుతో దొంగ వైఫై పెట్టుట కష్టము కాదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేయండి.

పొరుగువారికి సహాయము చేయుట వేరు, తలుపు తెరచి నిద్రపోవుట వేరు. ఈ సాయంకాలమే పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ పాస్‌వర్డ్ మార్చుదము. దూరాన ఉన్న బిడ్డను ఇంటికి చేర్చు దారి అది. దానిని కాపాడుకొనుట మన పనియే.