లేజరుకు చర్మమేదో, వెంట్రుకేదో తెలుసా?

పిల్లలూ! తెనాలి, బాపట్ల, రేపల్లె ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ ఎండలో ఒక నల్లగుడ్డ, ఒక తెల్లగుడ్డ పరిచి, పావుగంట తర్వాత తాకి చూడండి. నల్లదే ఎక్కువ వేడిగా ఉంటుంది. నలుపు వెలుతురును ఎక్కువగా పీల్చుకుంటుంది కదా! లేజరుతో వెంట్రుకలు తొలగించడంలోని కిటుకు ఇదే. చిక్కు కూడా ఇదే.

వెంట్రుకకు నలుపునిచ్చే పదార్థం మెలనిన్. అది లేజరు కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. చుట్టూ ఉన్న చర్మాన్ని కాల్చకుండా అనుకున్న చోటునే ఇలా వేడిచేయవచ్చని యాండర్సన్, పారిష్ అనే అమెరికా వైద్యులు 1983లో వివరించారు.

అయితే మన చర్మంలోనూ మెలనిన్ ఉంది! ఎండనుంచి మనల్ని కాపాడేది అదే. రేపల్లె పొలాల్లో నాట్లు వేసేవారికి, బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో వలలు లాగేవారికి ఎండవల్ల అది ఇంకా పెరుగుతుంది. లేజరుకు చర్మమేదో, వెంట్రుకేదో తెలియదు. తెల్లని చర్మానికి సరిపోయే తీరులో వాడితే మన చర్మం కందవచ్చు, బొబ్బలెక్కవచ్చు. మానాక నల్లమచ్చలో, తెల్లమచ్చలో నెలల తరబడి నిలిచిపోవచ్చు. కొందరికి వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి కూడా.

దీనికి ఉపాయం లేకపోలేదు. రూబీ లేజరు తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు. దాన్ని మెలనిన్ బాగా పీల్చుకుంటుంది. ఎన్డీ-యాగ్ లేజరుది 1064. దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. అందుకే ముదురురంగు చర్మానికి ఇది మేలు. చర్మాన్ని చల్లబరుస్తూ చేయాలి. ఎండకు నల్లబడి ఉన్నప్పుడు వాయిదా వేయాలి.

కనుక "ఏ దుష్ఫలితాలూ లేవు" అనే ప్రకటనను నమ్మవద్దని నా సలహా. మీ అక్కయ్య లేజరు చేయించుకుంటానంటే మూడు ప్రశ్నలు అడగమనండి. చూసేది చర్మవైద్యులేనా? వాడేది ఏ లేజరు? ముందు చిన్నచోట పరీక్షించి చూస్తారా? జవాబు చెప్పనిచోట చేయించుకోకపోవడమే మంచిది.

మరి మీ సంగతి? పై పెదవిమీద నూగు వచ్చిందని తరగతిలో ఎవరైనా నవ్వితే బెంగపడకండి. ఎదిగే వయసులో అది సహజం. నవ్వేవాళ్ల కోసం చర్మాన్ని కాల్చుకోనక్కరలేదు. వెంట్రుకలు ఒక్కసారిగా, మరీ ఎక్కువగా పెరిగితే మాత్రం అమ్మతో చెప్పి, డాక్టరుగారి దగ్గరకు వెళ్లి కారణం తెలుసుకోండి.