ఒంటిస్తంభపు మేడలు

పరీక్షిన్మహారాజు ఒంటిస్తంభపు మేడ కట్టించి, చుట్టును కావలి పెట్టించెను. తక్షకుడు పండులో పురుగై లోనికి వచ్చెను. నేటి ప్రభుత్వములును, మహాసంస్థలును అట్టి మేడలలోనే నిద్రించుచున్నవి. వారి యంత్రములను నడపు ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరులో అనేక భాగములకు ఒక్కొక్క మనుష్యుడే స్తంభము. అతనికి తరచుగా జీతము లేదు, విరామము లేదు, వారసుడు లేడు.

ఇది యతిశయోక్తి యనువారు 2024 మార్చి 29న బయల్పడిన వృత్తాంతమును స్మరింతురుగాక! ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ యుటిల్స్ అను చిన్న ఉపకరణము లినక్సు యంత్రములందు విరివిగా గలదు. దానిని ఏండ్లతరబడి లాస్సె కొలిన్ అను ఫిన్లండు దేశీయుడు దాదాపు ఒంటరిగా మోసెను. పని జాగగుచున్నదని కొందరు అపరిచితులు నిందింపగా, ఇది జీతము లేని వ్యాపకమని 2022లో ఆయన విన్నవించుకొనెను. ఆ యలసటయే ద్వారమయ్యెను. జియా టాన్ అను పేరుతో వచ్చిన యొకడు రెండేండ్లకు పైగా సేవచేసి, నమ్మకము గడించి, నిర్వహణాధికారము పొంది, 5.6.0, 5.6.1 ప్రతులలో పురుగును పెట్టెను. యంత్రప్రవేశమునకు అరసెకను ఆలస్యమేల యని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు శోధింపకున్నచో ఎన్ని సర్వర్లు పరాధీనమై యుండెడివో! ఇది కావలియా, అదృష్టమా?

అధికారము పంచినందుననే గదా మోసము జరిగెనని కొందరందురు. కాదు. పంచుకొనుటకు తెలిసిన చేతులు లేకపోవుటచే జరిగెను. పైథాన్ భాషకు కర్తయైన గీడో వాన్ రోసమ్ 2018లో పెత్తనము విడిచెను. 2019లో ఐదుగురు సభ్యుల సంఘము ఎన్నికయ్యెను. ఆ భాష నేటికిని వర్ధిల్లుచున్నది. నాయకుడు ఓపికతో నుండగనే వారసత్వము నిర్ణయింపవలెనను నీతి యిదియే.

కాని సంఘము పేరు చెప్పి కడుపు నింపలేము. చెరువు నీరు త్రాగు ఊరంతయు పూడిక తీయవలదా? త్రవ్వినవానినే తీయుమనుట యే ధర్మము? జర్మనీ ప్రభుత్వము 2022లో ఇట్టి సాఫ్ట్‌వేరు పోషణకై నిధి నేర్పరచెను. భారత ప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్సును ఆదరింపవలెనని విధానము ప్రకటించెను. తోడ్పాటు మాటయు అందు గలదు. ఆ మాట ధనమై, ఉద్యోగమై నిర్వాహకుని ఇంటికి చేరవలెను. హైదరాబాదులో ఈ సాఫ్ట్‌వేరుతో ఐశ్వర్యమార్జించు సంస్థలు తమ ఇంజనీర్ల కాలములో కొంత దీనికి విడువవలెను.

ఒరుల యుచిత శ్రమపై నిలిచిన స్వావలంబనము స్వావలంబనము గాదు. రెండవ స్తంభమును నేడే నిలుపుడు; పురుగు మరల వచ్చునప్పుడు అరసెకను మనలను రక్షించునని యెవరు చెప్పగలరు?