తాడు తెగితే?

“అమ్మా, అవకాశం దొరికితే నేను గ్లైడర్ నేర్చుకుంటా” అంది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చిన దగ్గర్నుంచి మా జనగామలో విమానాల కబుర్లే. ఒకప్పుడు ఆ మైదానంలో ఎన్‌సీసీ వైమానిక విభాగం విద్యార్థులు గ్లైడర్లు నడిపేవారని ఎవరో చెప్పారట.

దానికి ఇంజన్ ఉండదనీ, వించ్ తాడుతో లాగి పైకి పంపుతారనీ వినగానే నా నోట వచ్చిన మాట ఒకటే: “తాడు తెగితే?” పక్కింటి వదినైతే “ఆడపిల్లను గాలిల ఎగరేస్తవా?” అని నన్నే కోప్పడింది.

నా భయం ఊరికే పుట్టింది కాదు. జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో బావి పూడిక తీసే క్రేన్ చూసినవాళ్లకూ, భూపాలపల్లి బొగ్గు గనుల్లో టబ్బులు లాగే తాడు సంగతి విన్నవాళ్లకూ తాడు తెగడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఈసారి భయపడి ఊరుకోలేదు. చదివి తెలుసుకున్నాను.

గ్లైడర్ వాళ్లు తాడు తెగదని నమ్మరు. తెగుతుందనే సిద్ధపడతారు. తాడుకూ గ్లైడర్‌కూ మధ్య ఒక బలహీనమైన లింకు పెడతారు. మనింట్లో ఫ్యూజు లాంటిదన్నమాట. లాగుడు మితిమీరితే రెక్కలకు దెబ్బ తగలకముందే అది తెగిపోతుంది. బయల్దేరేటప్పుడు పైలట్ ఎడమచెయ్యి తాడు వదిలే పసుపు పిడి మీదే ఉండాలి. రెక్క ఒరిగి, సరిచేయడం కుదరదనిపిస్తే అది నేలను తాకకముందే తాడు వదిలేయాలి. తగినంత వేగం రాకుండా ముక్కు నిటారుగా ఎత్తకూడదు. పైన తాడు తెగితే వెంటనే ముక్కు దించి, వేగం కూడగట్టుకుని, చోటుంటే ఎదురుగానే దిగాలి. శిక్షకుడు చెప్పాపెట్టకుండా తాడు వదిలేసి ఇదంతా సాధన చేయిస్తాడు. అందులో నెగ్గాకే ఒంటరిగా పంపేది. బ్రిటన్‌లో 2005 నుంచి ఈ జాగ్రత్తల మీద పట్టుబట్టాక వించ్ దగ్గర ఘోర ప్రమాదాలు బాగా తగ్గాయి.

మనం ఆడపిల్లలకు “ఎక్కొద్దు” అని చెబుతాం గానీ, తాడు తెగితే ఏం చెయ్యాలో ఎప్పుడైనా నేర్పామా? చదువులోనైనా, పెళ్లిలోనైనా అంతే. అదే మాట మా అబ్బాయి అడిగుంటే ఇంత ఆలోచించేదాన్నా అని కూడా అనిపించింది.

వద్దనడం జాగ్రత్త కాదు. వించ్ నడిపేవాడికి శిక్షణ ఉందా, తాడునూ లింకునూ రోజూ చూస్తారా, తెగినప్పటి సాధన ఎన్నిసార్లు చేయిస్తారు? తల్లులుగా మనం అడగాల్సినవి ఇవి.

జవాబులు సరిగా ఉంటే మా అమ్మాయి ఫారం మీద సంతకం పెడతాను. చెయ్యి వణికినా సరే!