సార్ రాలేదా, మేడమ్?

పాత స్కూటరు ఇంజను బాగుచేయించుకోడానికి వెళ్లిన ప్రతిచోటా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే. స్కూటరు నాది. ఎండలో తోసుకొచ్చింది నేను. అయినా దాని జబ్బు గురించి మాట్లాడాలంటే ఒక 'సార్' కావాలి. లేని సార్‌ని ఎక్కణ్ణించి తేను?

ఈ బజాజ్ చేతక్ 1984లో మా ఇంటికొచ్చింది. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. డబ్బు టీచరుగా పనిచేసిన అమ్మది. రిజిస్ట్రేషన్ నాన్న పేరు మీద. తన డబ్బుతో కొన్న బండి మీద అమ్మ బతికినన్నాళ్లూ వెనక సీట్లో ఒక పక్కకి తిరిగే కూర్చుంది. ఇద్దరూ వెళ్లిపోయాక దాన్ని పాత ఇనుముకి అమ్మేద్దామన్నారు అందరూ. నేను నడుపుతానన్నాను.

మొదటి మెకానిక్ తెల్లటి పొగ చూశాడు. ఇంజను మీద చెయ్యయినా వెయ్యకుండా "బోరు పోయింది, రీబోరు చేసి కొత్త పిస్టన్ వెయ్యాలి" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే "మీకు అర్థం కాదులే మేడమ్" అన్నాడు. మర్నాడు మా అక్క కొడుకుని వెంటబెట్టుకెళ్లాను. వాడు ఏనాడూ ప్లగ్గు కూడా విప్పినవాడు కాదు. వాడికి మాత్రం అదే మనిషి పావుగంట విడమరిచి చెప్పాడు. ప్రశ్నలు నేను అడుగుతున్నాను, జవాబులు వాడికి వెళ్తున్నాయి!

ఇది ఒట్టి మర్యాదకి సంబంధించిన విషయమైతే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ రీబోరు అంటే సిలిండరు లోపలి గోడని తొలిచి పెద్దది చేయడం. ఈ బండి సిలిండరు వ్యాసం 57 మిల్లీమీటర్లు. అరిగితే కొంచెం తొలిచి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. అలా కొన్నిసార్లే వీలవుతుంది. తీసిన లోహం మళ్లీ రాదు. ఈ రకం స్కూటర్లకి కంపెనీ ఎప్పుడో స్వస్తి చెప్పింది. 2020లో చేతక్ పేరుతో మళ్లీ వచ్చింది బ్యాటరీ బండి. కాబట్టి పాత సిలిండరులో అక్కర్లేకుండా తొలిచే ప్రతి పొరా దాని ఆయుష్షు తగ్గించడమే. 'మీకు అర్థం కాదు' అన్న మాట ఖరీదు అది.

రాణీగంజ్‌లో స్పేరు పార్టుల కోసం తిరుగుతుంటే ఒక ఇరుకు కొట్లో ఒకావిడ కనిపించింది. అరవై దాటి ఉంటాయి. "గేరాయిలు తగ్గుతోందామ్మా?" అని అడిగింది. తగ్గుతోంది. "ప్లగ్గు తడిగా వస్తోందా?" వస్తోంది. "అయితే బోరు మాట తర్వాత. ముందు క్లచ్చు వైపు క్రాంకు సీలు చూపించు. అది పోతే ఇంజను గేరాయిలు లాగేసుకుని పొగ కక్కుతుంది." డబ్బాలోంచి ఒక సీలు తీసి, వేళ్ల మధ్య వంచి చూసి పక్కన పెట్టేసింది. "పాత సరుకు. రబ్బరు గట్టిపడిపోయింది" అంటూ ఇంకొకటి ఇచ్చింది.

నన్ను పక్కన నిలబడనిచ్చిన మరో మెకానిక్ ఇంజను దించి విప్పాడు. సీలు అంచు చిట్లిపోయి ఉంది. కొలిచి చూస్తే బోరు బాగానే ఉంది.

మళ్లీ వెళ్లి ఆవిణ్ణి మెచ్చుకుంటే ఏమందో తెలుసా? "నాకేం తెలుసమ్మా! మా ఆయన పక్కన కూర్చుని ముప్ఫయ్యేళ్లు విన్నదే."

పక్కనుండి వినడం! ఆ వీధిలో మెకానిక్కులంతా నేర్చుకున్నది అలాగే కదా? పానాలు అందిస్తూ విన్న కుర్రాడు పదేళ్లకి ఉస్తాద్ అవుతాడు. ముప్ఫయ్యేళ్లు విన్న ఈవిడ ఇప్పటికీ 'ఓనరు గారి భార్యే'. తేడా తెలివిలో లేదు, పేరు పెట్టడంలో ఉంది. చివరికి ఆవిడే తనకి ఏమీ తెలియదని నమ్మేంతగా.

మనం మాత్రం? జ్ఞానం మీద పెత్తనం ఎవరిదని సెమినార్లలో పేపర్లు చదువుతాం. బండి ఆగిపోతే తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి లోపలికెళ్లిపోతాం. ఈ సంగతంతా చెబితే తోటి లెక్చరరు "ఎవరికైనా అప్పజెప్పెయ్యక, మనకెందుకివన్నీ?" అంది. 'మీకు అర్థం కాదు' అనేది బయట పెట్టిన గొళ్లెమైతే 'మనకెందుకు' అనేది లోపల మనం వేసుకున్న గడియ.

ఆడవాళ్లంతా పానా పట్టాలని నేననడం లేదు. అడిగినవాళ్లకి చెప్పమంటున్నాను. నా బండి సంగతి నా ముఖం చూసి మాట్లాడమంటున్నాను. ఆ కొట్లో ఆవిణ్ణి కూడా ఉస్తాద్ అనమంటున్నాను.

ఇప్పుడు బండి నడుస్తోంది. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు నేనే కొలిచి పోస్తున్నాను. మొన్న బంకులో కుర్రాడు అడిగాడు, "సార్ బండా మేడమ్?" అని.

"కాదు, మా అమ్మ బండి" అన్నాను.