సరుగుడు చెట్టు, మీ ఉత్తరాలు



పోయిన నెల తోరూ దత్ ఇంగ్లీషులో రాసిన ‘అవర్ కాజువరీనా ట్రీ’ కవిత గురించి నాలుగు మాటలు రాశాను. కాలేజీలో చదువుకున్నవాళ్ళు ఒకరిద్దరు పలకరిస్తారనుకున్నాను. వారం తిరిగేసరికి ఇన్ని ఉత్తరాలు! అందరికీ విడిగా జవాబు రాయలేను, కోప్పడకండి.

చదవనివాళ్ళ కోసం ఒక్క ముక్క. తోరూది కలకత్తా. బాగ్‌మారీలో వాళ్ళ తోటలో ఓ పెద్ద సరుగుడు చెట్టు, దాన్ని కొండచిలువలా చుట్టుకున్న తీగ. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోవాళ్ళతో ఫ్రాన్సు, తర్వాత ఇంగ్లండు వెళ్ళి 1873లో తిరిగొచ్చింది. అన్న 1865లోనే పోయాడు, 1874లో అక్క పోయింది. 1877లో తనూ, ఇరవై ఒక్క ఏళ్ళకే. ఈ కవిత ఉన్న పుస్తకం 1882లో వచ్చింది, తను చూసుకోనేలేదు. చెట్టు అందంగా ఉందని కాదు, దాని కింద తోబుట్టువులతో ఆడుకున్నాను కాబట్టి ఇష్టం అంటుంది. పరాయి దేశపు సముద్రపొడ్డున కూడా ఆ చెట్టు రొద వినిపించిందట.

మస్కట్ నుంచి రాసిన అమ్మాయిది చీరాల వైపు. “మాకు సరుగుడంటే చెట్టు కాదక్కా, పంట” అంది. నాలుగైదేళ్ళు పెరగ్గానే కొట్టి లారీకెత్తేస్తారు, పందిరి రాటలకీ కాగితం మిల్లులకీ. సెలవుల్లో గోనెసంచి పట్టుకెళ్ళి రాలిన ఆకు పొయ్యిలోకి పోగుచేసి తేవడం తన పని. ఉత్త కాళ్ళకి కాయలు గుచ్చుకునేవట. “గాలికి తోట హోరెత్తితే మా నాయనమ్మ వానొస్తోందే అనేది. ఎప్పుడూ రాలేదు!”

డాలస్ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ ఈ కవిత మీద వ్యాసం బట్టీపట్టి పరీక్ష రాశారు. “తోరూ అన్నా అక్కా పోయారని నేనూ రాసే ఉంటాను. అప్పుడది జవాబులో ఒక పాయింటు, అంతే.” అట్లతద్దికి వాళ్ళింట్లో వేపచెట్టుకి ఉయ్యాల కట్టేవారు. తెల్లవారుజామునే చద్దన్నం తిని పరిగెత్తితే, అక్క ఊపేది. ఆ అక్క 2021లో కోవిడ్‌తో పోయింది. వెళ్ళే వీల్లేక అంతా ఫోన్‌లో చూశారు. “పార్కులో మా పాపని ఉయ్యాల ఊపుతూ మధ్యలో ఆగిపోతానండీ. ఎందుకమ్మా ఆపావు అంటుంది.” దీనికి నేనేం రాయగలను?

మలేషియా నుంచి ఒకావిడ గట్టిగానే మందలించారు. “మన ఊరి చెట్టు అని రాశారు. ఎవరి ఊరు? మా తాత చీకటితోనే లేచి రబ్బరు చెట్లకి గాటు పెట్టేవాడు. నా చిన్నతనం ఆ ఎస్టేటులోనే. నేను ఆంధ్ర చూసింది ఒక్కసారే.” తప్పు నాదే. తెలుగువాళ్ళందరి చెట్టూ గోదావరి గట్టునే ఉంటుందనుకోవడం నాకో జబ్బు.

ఇంక నా సంగతి. మా పెరట్లో మామిడిచెట్టుని అన్నయ్య కొట్టించేశాడని రాస్తూ పోయిన నెల ఓ మాట తూలాను కూడా. అందరూ నన్ను ఓదార్చారు. లండన్ దగ్గరుండే ఓ పెద్దావిడ మాత్రం, “ఎందుకు కొట్టించాడో అడిగావా అమ్మాయ్?” అన్నారు.

అడగలేదు. ఏడు నెలలుగా అన్నయ్యతో ముక్తసరి మాటలే. ఆదివారం ఫోన్ చేశాను.

“రోజూ ఆ ఆకులు ఎవరు ఊడుస్తున్నారనుకున్నావే? నేను వద్దన్నా అమ్మే. వానలో జారిపడింది. మణికట్టు విరిగింది. దూరాన ఉన్నదానివి, కంగారు పడతావని చెప్పలేదు” అన్నాడు. ఆ నెలంతా అమ్మ వీడియోలో చెయ్యి పైకెత్తలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. నేనే గమనించలేదు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత నేనే, “ఎంత తియ్యటి కాయలు రా అన్నయ్యా” అన్నాను.

“తియ్యనా? పళ్ళు పులిసిపోయేవి. పప్పులోకి తప్ప దేనికీ పనికొచ్చేవి కాదు” అని నవ్వాడు.

నాకు తియ్యగానే గుర్తుంది. అమ్మని అడగాలి, అక్కడ తెల్లవారాక.