మారుమనువు కథలు

ఖరగ్‌పూర్ పట్టణం విక్టోరియా మహారాణి పాలన చివరి సంవత్సరాలలో రూపుదిద్దుకున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనును, పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. ఉత్తరాంధ్ర ప్రాంతాల నుంచి పని వెదుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడినవి. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు వేయి మీటర్లు దాటుతుంది. గోరఖ్‌పూర్, ఆ పిమ్మట హుబ్బళ్ళి ఆ ఘనతను అందుకోక పూర్వం, ఇది ప్రపంచంలోనే అతి పొడవైనదని చెప్పుకునేవారు. ఇటువంటి జంక్షన్లలో బండి మారడానికి గంటల కొద్దీ వేచి ఉండే ప్రయాణికులకు కాలక్షేపం కలిగించే ఇంగ్లీషు నవలలలో ఒక జాతి కథలకు నేటికీ గిరాకీ తగ్గలేదు. అవి విక్టోరియా కాలాన్ని రంగస్థలంగా చేసుకుని, ఒకసారి చెడిన ప్రేమ మళ్ళీ ఎలా కుదిరిందో చెప్పే కథలు.

వీటి చట్రం తెలిసినదే. యౌవనంలో ఇద్దరు ప్రేమించుకుంటారు. పేదరికమో, అహంకారమో, అబద్ధమో వారిని విడదీస్తుంది. సంవత్సరాల తరువాత వారు ఎదురుపడతారు. షెర్రీ థామస్ 2008లో ప్రచురించిన ‘ప్రైవేట్ అరేంజ్‌మెంట్స్’ దీనికి మంచి ఉదాహరణ. చైనాలో పుట్టి, పదమూడవ ఏట అమెరికాకు చేరిన ఈ రచయిత్రికి ఇంగ్లీషు మాతృభాష కాదు. ఆమె కథలో పదేళ్ళుగా వేరువేరు ఖండాలలో కాపురముంటున్న దంపతులు విడాకుల విషయమై మళ్ళీ ఒకే కప్పు కిందికి వస్తారు. పెళ్ళి అయిన పదేళ్ళకు ప్రేమ మొదలు కావడం మన పాఠకులకు వింతగా తోచదు. మన పాత కుటుంబాలలో అనేక ప్రేమకథల వరుస అదే గదా!

అయితే నేటి రచయితలు అంత సులభంగా ఇచ్చే ఈ రెండవ అవకాశాన్ని, నిజంగా విక్టోరియా కాలంలో జీవించిన రచయితలు అంత సులభంగా ఇవ్వలేకపోయారు. కారణం కొంతవరకు చట్టమే. 1857కు పూర్వం ఇంగ్లండులో పూర్తి విడాకులు పొందాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకోవలసి ఉండేది. ధనవంతులకు తప్ప ఇతరులకు అది అందని పండు. 1857 చట్టం ఆ అధికారాన్ని న్యాయస్థానానికి అప్పగించినా, భర్త భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలునన్నది. భార్య మాత్రం దానితోపాటు క్రౌర్యమో, పరిత్యాగమో మరొక నేరాన్ని కూడా రుజువు చేయాలన్నది. అందుచేత నవలాకారులకు చావు తప్ప వేరు దారి కనిపించలేదు. 1847 నాటి ‘జేన్ అయిర్’లో రాచెస్టరు మొదటి భార్య మండుతున్న ఇంటి పైకప్పు నుంచి దూకి మరణిస్తుంది. 1874లో హార్డీ వ్రాసిన ‘ఫార్ ఫ్రమ్ ద మాడింగ్ క్రౌడ్’లో కథానాయిక భర్త తుపాకి గుండుకు బలి అవుతాడు, ఎన్నడో తిరస్కృతుడైన గొర్రెల కాపరి గేబ్రియల్ ఓక్ నిరీక్షణ అప్పుడు గాని ఫలించదు.

డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ముగింపు ఇంకా విచిత్రమైనది. మొదట ఆయన పిప్, ఎస్టెల్లాలను లండను వీధిలో క్షణకాలం కలిపి, శాశ్వతంగా విడదీశాడు. ఆ ప్రూఫులను చదివిన మిత్రుడు బుల్వర్ లిట్టన్ మార్చమని కోరగా, 1861లో ప్రచురితమైన కూర్పులో ఇద్దరూ మళ్ళీ కలుస్తారన్న ఆశ మిగిల్చాడు. రచయిత మనసు ఒకటి చెప్పగా పాఠకుల ఆకలి మరొకటి అడిగింది.

ఖరగ్‌పూర్ వంటి ఊరివారికి అన్నిటికంటె దగ్గరగా తోచవలసినది మిసెస్ గాస్కెల్ నవల ‘నార్త్ అండ్ సౌత్’. అందులో నూలు మిల్లు ఉన్నది, సమ్మె ఉన్నది, సమ్మె నాటి ఆకలి ఉన్నది. 1927లో ఈ రైల్వే పట్టణం కూడా గొప్ప సమ్మెను చూసింది. 1969లో రాష్ట్రపతి అయిన వి. వి. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకులలో ఒకరు. గాస్కెల్ నవలలో మిల్లు యజమాని థార్న్‌టన్‌ను మార్గరెట్ మొదట నిరాకరిస్తుంది. ఆమె మనసు మారేనాటికి అతని మిల్లు మూతపడింది. డబ్బు ఆమె చేతికి వచ్చింది. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు స్థానాలు మార్చుకున్న తరువాత గాని వారి ప్రేమకు తావు దొరకలేదు. ఈ ఒక్క నవలలోనే రెండవ అవకాశం ఎవరి చావు మీదా నేరుగా ఆధారపడలేదని అనబోతే, ఆ డబ్బు కూడా ఒక వృద్ధుని మరణం వల్లనే వచ్చిందని గుర్తుకు వస్తుంది.

జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’ 1871, 72 సంవత్సరాలలో వెలువడింది. అందులో వృద్ధ పండితుడు కసాబన్ చనిపోతూ వీలునామాలో ఒక మెలిక పెట్టిపోతాడు. తన భార్య డొరోతియా లాడిస్లాను పెళ్ళి చేసుకుంటే ఆస్తి ఆమెకు దక్కదు. ఇంగ్లీషు పాఠకులు ఆ నీచత్వానికి నివ్వెరపోవచ్చు. కాని ఆ మెలికను అంతకు పదిహేనేళ్ళ ముందే మన దేశంలో చట్టంగా వ్రాసిపెట్టారు. 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం రెండవ సెక్షను ప్రకారం, మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు ఆమె ఆ క్షణాన మరణించినట్లే భావించి ముగిసిపోయేది. డొరోతియాకు పుట్టింటి సొమ్ము ఉన్నది గనుక ఆమె భర్త ఎస్టేటును విడిచి వెళ్ళగలిగింది. మన బాలవితంతువుకు విడిచిపెట్టడానికైనా ఏమున్నది?

ఆ చట్టానికి కారకుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో పుట్టిన వీరసింహ గ్రామం, ఖరగ్‌పూర్ నేడు ఒకే జిల్లాలోవి. 1856 డిసెంబరులో కలకత్తాలో శ్రీశచంద్ర విద్యారత్నకు, కాళీమతికి ఆయన తొలి వివాహం జరిపించాడు. అటుపై జరిపించిన పెళ్ళిళ్ళ ఖర్చులు తానే భరించి అప్పుల పాలైనాడు. 1870లో కన్నకొడుకు నారాయణచంద్రుడు వితంతువును వివాహమాడినప్పుడు ఆయన మనసారా హర్షించాడు. తెలుగునాట 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం, గోగులపాటి శ్రీరాములుకు గౌరమ్మను ఇచ్చి పెళ్ళి చేయించాడు. వంటవారు, నీళ్ళవారు వెలికి వెరచి మొగం చాటు చేయగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలు మోసి వంట చేసింది. ప్రేమకథ వ్రాసేవారు ఆమె బిందెను మరచిపోతారు.

ఇంతకూ ఈ దేశంలో అందరికీ రెండవ పెళ్ళి నిషిద్ధం కాదు. అనేక శ్రామిక కులాలలో మారుమనువు అనాదిగా ఉన్న ఆచారమే. రైల్వే పనులకు తరలివచ్చిన కుటుంబాలలో ఎందరికో అది చట్టం చెప్పవలసిన విషయమే కాదు. అయినా కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులు ఆ రెండవ సెక్షనును వారికి కూడా వర్తింపజేశాయి. అలహాబాదు హైకోర్టు మాత్రం అందుకు అంగీకరించలేదు. అప్పటికే స్వేచ్ఛ ఉన్న స్త్రీలు, స్వేచ్ఛ ఇవ్వడానికి చేసిన చట్టం వల్ల భూమి పోగొట్టుకున్నారు. 1956 నాటి వారసత్వ చట్టం పరిస్థితిని మార్చగా, పాత చట్టం 1983లో రద్దయింది.

నాటి మన రచయితలలో ఈ కథను అన్ని వైపుల నుంచీ చూసినవాడు గురజాడ. ‘కన్యాశుల్కం’ 1897లో, సరిగ్గా మహారాణి వజ్రోత్సవ సంవత్సరంలో అచ్చయింది. వితంతు వివాహం మీద ఇంగ్లీషు చదువుకున్న గిరీశం చేత ఉపన్యాసాలు చెప్పించి, బుచ్చమ్మను అతని వెంట పంపి, చివరకు అతని బండారం బయటపెట్టాడు. డికెన్సుకు దొరికినటువంటి మిత్రుడు గురజాడకు ఉండి ఉంటే, ఆ పిల్లను ఏ యోగ్యుడికో ముడిపెట్టి తెర దించమని తప్పక సలహా చెప్పి ఉండేవాడు. 1909 నాటి కూర్పులో గురజాడ ఆమెకు వరుని వెదకలేదు. పూనాలోని వితంతు శరణాలయంలో చదువుకోవడానికి ప్రయాణం కట్టించాడు.